లెక్కలో ఉన్న చేయి

ఈ మధ్య కర్నూలులో ఏ హోటలుకు పోయినా కాఫీ కంటే ముందు మెజారిటీ వస్తోంది. పేపరు చేతిలో ఉన్నవాడు ఆ మాటను గట్టిగా చదువుతాడు. పక్కవాడు తల ఊపుతాడు. మూడోవాడు మైనారిటీ సంగతేమిటని అందుకుంటాడు. దేశం మన చేతికి రాబోతోందంటున్నారు గనక ఎవరి లెక్కలు వాళ్లు వేసుకోవడంలో తప్పు లేదు. నేను మాత్రం ఆ మాట చెవిన పడగానే వాకిలి వైపు చూస్తాను. మా మామ అక్కడెక్కడో నిలబడి, ఒక కన్ను చిన్నది చేసి, “దేంట్లో?” అని అడుగుతాడేమోనని. ఆయన ఇప్పుడు లేడు. పోయిన నెలలో బద్వేలు దగ్గర మా ఊరికి వెళ్లి ఆయన దినాలు చూసి వచ్చాను.

మామ అంటే మా అమ్మకు అన్న వరస. తోడబుట్టినవాడు కాదు. మగ్గాల వీధిలో ప్రతివాడూ ప్రతివాడికీ ఏదో ఒక వరస అవుతాడు, తప్పించుకోవడానికి వీలుండదు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది పెళ్లిపత్రికకు తప్ప ఎందుకూ పనికి రాలేదు. ఊరంతా ఆయన్ను “మెజారిటీ ఆయప్ప”, అంటే మెజారిటీ ఆయన, అనేవారు. ఆయన దానికి కోపగించుకోలేదు. పైగా ఎవరైనా అలా పిలిస్తే కొంచెం నిటారుగా నిలబడేవాడు.

మనిషి పొడుగు. చెవి మీద ఎప్పుడూ ఒక నూలుపోగు వేలాడుతుండేది, తలలో ఉండవలసిన వెంట్రుకలకు బదులుగా అన్నట్టు. చేతులకు గంజి వాసన. మా వీధిలో పడుగుకు, అంటే చీరకు నిలువునా వచ్చే పోగులకు, గంజి పట్టించడంలో ఆయనను మించినవాడు లేడన్నది అందరూ ఒప్పుకునే విషయం. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాపి, వెదురు కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించి, అది ఆరేలోపల కుంచెతో ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుకుంటూ పోవాలి. పోగు పోగుకు అంటుకుంటే ఆ పడుగు మగ్గం మీద తెగుతూనే ఉంటుంది. ఇది ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఈ పొద్దు నీ పడుగుకు నేను వస్తే, రేపు నా పడుగుకు నువ్వు రావాలి. వీధి ఒక్కటిగా నిలబడడానికి అసలు కారణం ఇదే. ప్రేమలు, అభిమానాలు ఆ తర్వాత.

ఆ ఇంగ్లీషు మాట ఆయనకు ఎలా అంటుకుందో చెప్పాలి. కడప నుంచి సహకార సంఘాల ఇన్స్పెక్టరు ఒకాయన వచ్చి, నేతవాళ్లంతా ఒక సంఘంగా చేరమని సాయంత్రం దాకా బోధించాడు. మావాళ్లు ఎప్పటిలాగే, అందరూ ఒప్పుకుంటే చూద్దామన్నారు. “అందరూ అక్కర్లేదయ్యా, మెజారిటీ ఒప్పుకుంటే చాలు” అన్నాడాయన. సంఘం రాలేదు. ఇన్స్పెక్టరు కూడా మళ్లీ రాలేదు. మాట మాత్రం మా మామ దగ్గర ఉండిపోయింది.

ఎందుకంటే మా వీధిలో ఏ తీర్మానమైనా తాంబూలంతో జరిగేది. అందరూ కూర్చుంటారు, మాట్లాడతారు, చివరకు ఆకూ వక్కా పెట్టిన పళ్లెం వరసగా తిరుగుతుంది. ప్రతి ఇంటి యజమానీ ఆకు తీసుకుంటే మాట కుదిరినట్టు. ఒక్కడు తీసుకోకుండా పళ్లెం పక్కకు జరిపితే అంతటితో సరి, మళ్లీ ఇంకో రోజు కూర్చోవలసిందే. బావికి కొత్త గిలక వేయించే మాట ఇలాగే ఒక ఎండాకాలమంతా నలిగింది. ఎవరి పెళ్లిలోనో తనకు రెండోసారి పాయసం వడ్డించలేదని ఒక పెద్దమనిషి ప్రతిసారీ పళ్లెం జరిపేవాడు. పాయసానికీ గిలకకూ సంబంధమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆడవాళ్లు అరచేతులు బొబ్బలెక్కేలా నీళ్లు తోడుకున్నారు.

మామ బడి దగ్గర ఇంగ్లీషు చెప్పే అయ్యవారిని పట్టుకున్నాడు. అప్పటికి నేను బద్వేలులో నూలు అమ్మి చీరలు కొనే దుకాణంలో గుమాస్తా పనికి కుదిరి, శనివారాలు ఇంటికి వస్తుండేవాణ్ని. ఆ మాటలు జరిగినప్పుడు అక్కడే ఉన్నాను.

“అయివారూ, మెజారిటీ అంటే శానామంది అని కదా?”

“కాదప్పా. మొత్తంలో సగానికి మించినది. శానా అనాలంటే చూస్తే చాలు. మెజారిటీ అనాలంటే లెక్కపెట్టాల.”

“అట్లనా” అన్నాడు మామ. వారం తిరిగేలోపల ఆ మాటను ఇంటా బయటా వాడడం మొదలుపెట్టాడు. పిల్లి దుత్తలో మూతి పెట్టిందని చెప్పడానికి, “మెజారిటీ మజ్జిగ పాయ” అన్నాడు. అయ్యవారు విని, నవ్వకుండా, నిదానంగా చెప్పాడు. “మజ్జిగకు కాదప్పా. ఒకటి, రెండు అని లెక్కకు వచ్చేవాటికే వాడల్ల. మనుషులకు, ఇండ్లకు, మేకలకు. మజ్జిగను యాడ లెక్కపెడతావు?”

ఆ రోజు మామ ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత ఆయన నోట ఆ మాట తప్పుగా రావడం నేను వినలేదు. లెక్కపెట్టకుండా రావడమూ వినలేదు. అత్త సంత నుంచి వంకాయలు తెస్తే, గంప నేల మీద కుమ్మరించి, మంచివి ఒక పక్క, పుచ్చులు ఒక పక్క పెట్టి, అప్పుడు చెప్పేవాడు, మెజారిటీ పుచ్చులేనని. “ఈ మనిషి లెక్క తేలి నేను కూర వండేలోపల పొద్దు గూకుతాది” అని అత్త వీధికంతా వినిపించేలా అనేది. ఇంకెవరైనా ఆ మాట వాడితే ఇక వాళ్ల పని అయిపోయినట్టే. ఒకసారి పక్క ఊరి రైతు ఒకడు, ఈసారి మెజారిటీ జనాలు శనిక్కాయలే వేసినారని అన్నాడు. మామ కన్ను చిన్నదయింది.

“దేంట్లో మెజారిటీ? మీ ఊర్లోనా, నువ్వు ఎక్కొచ్చిన బండిలోనా?”

ఆ రైతు మళ్లీ మా వీధిలో పంటల మాట ఎత్తలేదు.

వీధిపెద్ద ఒకాయన ఉండేవాడు. నల్లటి శాలువా, నెమ్మదైన మాట. ఆయనకు ఈ గొడవంతా పిల్లచేష్టగా కనిపించేది. “మెజారిటీ అంటే ఏముందప్పా, పెద్దోళ్ల మాట. అది ఎప్పుడూ ఉండేదే కదా” అన్నాడొకసారి. మామ వదల్లేదు. “పెద్దోళ్లు వేరు, పెద్ద భాగం వేరు పెద్దాయనా” అని వేళ్లు ముడిచి చూపించాడు. చివరకు గిలక విషయంలో విసిగి విసిగి వీధి ఆయన చెప్పినట్టు చేసింది. ఇంటికొక చేయి. ఎత్తినవి లెక్కపెట్టారు. గిలక గెలిచింది. పాయసం పెద్దమనిషి లేచి వెళ్లబోతుంటే మామ పళ్లెం తీసుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

“ఓడినోళ్లు కూడా ఆకు తీసుకోవల్లప్పా. తీసుకుంటేనే అది మెజారిటీ. లేకుంటే వీధి రెండు ముక్కలయితాది.”

ఈ నియమం ఇన్స్పెక్టరు చెప్పింది కాదు, అయ్యవారు చెప్పిందీ కాదు. మామ సొంతం. ఇంగ్లీషు మాటను తెచ్చి మా తాంబూలం పళ్లెంలో పెట్టాడు. చేయెత్తడం వరకు అభిప్రాయం. ఆకు తీసుకున్నాక అది ప్రమాణం. పెద్దమనిషి గొణుగుతూ ఆకు తీసుకున్నాడు. బావికి గిలక వచ్చింది. ఆ ఏడు మా వీధి ఆడవాళ్లు మామను దేవుణ్ని చూసినట్టు చూశారు.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

వీధి చివరింట్లో నాకు వదిన వరస అయ్యే ఆమె ఉండేది. మామ ఆమెకు చిన్నాయన వరస. ఆమె మొగుడు జ్వరంతో పోయాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దినాలు ముగిశాక ఆమె, నేసేవాడు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలో దిగి, ఆ చీర పూర్తి చేసింది. మా వీధిలో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టేవాళ్లు, పడుగుకు ఆసు పోసేవాళ్లు, అన్నీ చేసేవాళ్లు. గుంటలో మాత్రం దిగేవాళ్లు కాదు. ఎందుకు దిగరని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు, దిగరంతే. ఆ చీర వరకు, పోనీలే చచ్చినోడి పని అని ఊరుకున్నారు. ఆమె కొత్త పడుగుకు నూలు తెచ్చుకున్నదని తెలిసినప్పుడు వీధిపెద్ద అందరినీ పిలిపించాడు.

ఆ సాయంత్రం నేను అరుగు కింద నిలబడి చూశాను. మా ఇంటి చేయి మా నాయనది, నాకు లెక్కలో చోటు లేదు. వదిన స్తంభం పక్కన తలవంచుకుని నిలబడింది. ఇద్దరు చిన్నపిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉన్నారు. ఆమె అడిగింది ఒకటే మాట. “నన్ను నేసుకోనీయండి. ఇంకేం అడగను.”

వీధిపెద్ద ఆమెను తిట్టలేదు. మామ వైపు తిరిగి చాలా మర్యాదగా అన్నాడు. “ఈమె పడుగుకు వీధి చేయి ఇయ్యాల్నా, వద్దా? నీ మెజారిటీతోనే తేల్చుకుందామప్పా.”

పాత పద్ధతిలో అయితే మామ ఒక్కడు పళ్లెం జరిపి ఉంటే చాలు, మాట ఆగిపోయేది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, వీధిపెద్దకు మరీ బాగా తెలుసు. మామ తల ఎత్తి, “దేంట్లో మెజారిటీ?” అని అడిగాడు. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. “పడుగు దగ్గర ఆసు పోసే చేతులు, కండెలు చుట్టే చేతులు ఉండాయి కదా. వాటిని కూడా లెక్కపెడదామా?”

“ఆడోళ్లను ఎప్పుడు లెక్కపెట్టినాము? గిలకకు పెట్టినామా?” అన్నాడు వీధిపెద్ద.

గిలకకు పెట్టలేదు. ఆ రోజు మామకు కూడా అది తోచలేదు. ఆయన కూర్చున్నాడు. ఆమెకు చేయి ఇద్దామన్నవాళ్లు ఎత్తమంటే అందరికంటే ముందు ఆయన చేయి లేచింది. తర్వాత ఒకటో రెండో లేచాయి, అవీ సగం సగంగా. వద్దన్న చేతులు లెక్కపెట్టవలసిన అవసరం లేకపోయినా మామ లేచి, ఒక్కొక్కదాన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. మా నాయన చేయి కూడా. పళ్లెం వచ్చింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. జరుపుతాడని నేను అనుకున్నాను. జరపాలని మనసులో గట్టిగా కోరుకున్నాను. ఆయన ఆకు తీసుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున వదిన ఒక్కతే పడుగు తెచ్చి వీధిలో చాపడం మొదలుపెట్టింది. మగవాళ్లు ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని పళ్లు తోముకుంటున్నారు. అంతలో మా అత్త చీర కుచ్చెళ్లు పైకి దోపి, గంజి కుండ ఎత్తుకుని వీధిలోకి వచ్చింది. ఆమె వెనుక ఇంకొకామె, ఇంకొకామె. వీధిపెద్ద మామ అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“ఏమప్పా, నిన్న ఆకు తీసుకుంటివి. ఈ పొద్దు నీ పెండ్లాం పోతాంది.”

“నేను పోలేదు కదా పెద్దాయనా” అన్నాడు మామ, ఎప్పటి గొంతుతోనే. “దాని చేయిని నిన్న మనం లెక్కపెట్టలేదు. లెక్కపెట్టని చేయికి మన మెజారిటీ ఎట్ల అడ్డం వస్తాది?” అని నా వైపు చూశాడు. “ఈ పిల్లోని చేయి కూడా పెట్టలేదు.”

వీధిపెద్ద శాలువా భుజం మీదికి లాక్కుని వెళ్లిపోయాడు. నాకు అప్పటికి పెళ్లయింది, పిల్లోణ్ని కాదు, అయినా ఆ మాట ఎంతో తీపిగా వినిపించింది. మా నాయన కళ్లెర్ర చేస్తున్నా పోయి పడుగు కొస పట్టుకున్నాను.

ఇక్కడితో ఆపితే మామ గొప్పవాడిగా మిగిలిపోతాడు. చాలామంది ఇక్కడే ఆపుతారు కూడా. మా ఊర్లో ఆయన గురించి చెప్పే కథ ఇంతే.

కుంచె పని మాలో ఎవరికీ రాదు. నేను దుకాణం లెక్కల వైపు పోయినవాణ్ని. ఆడవాళ్లను ఆ పనికి ఎప్పుడూ దగ్గరకు రానివ్వలేదు. గంజి ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పట్టింది. ఎండ పొడుచుకొచ్చింది. పోగులు అంటుకుపోవడం కళ్ల ముందే కనబడుతోంది. మామ అరుగు మీది నుంచే అరవడం మొదలుపెట్టాడు, కుంచె వాలుగా పట్టండి, నీళ్లు చల్లండి, మధ్యలో నిలబడొద్దు అని. చెబితే వచ్చే పని కాదది. ఆయన వేళ్లు గాలిలో కుంచె పట్టినట్టు కదులుతూనే ఉన్నాయి. వదిన పరుగున ఆయన అరుగు కిందికి వచ్చింది.

“చిన్నాయనా, ఒక్కసారి వచ్చి చేయి వేయి. ఇదొక్కటే ఉండాది నాకు.”

మామ లేచాడు. ఒక కాలు కింద మెట్టు మీద పెట్టాడు. అక్కడే కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని కూర్చున్నాడు.

“నేను లెక్కలో ఉండానమ్మా. ఆకు తీసుకుంటి.”

ఆ పడుగు పాడయింది. మగ్గం మీదికి ఎక్కించాక పోగులు తెగుతూనే ఉన్నాయి, ముడి వేసినచోటల్లా గుడ్డ గరుకు తేలింది. అలాంటి చీర ఏ దుకాణంవాడు తీసుకుంటాడు? మా దుకాణంవాడూ తీసుకోలేదు. ఆ తర్వాతి నెలలు ఆమె పిల్లలతో ఎలా గడిపిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మామ మీద నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆయనతో కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా. ఆయన అది గమనించినట్టు లేదు.

కాలం గడిచే కొద్దీ తీర్మానం దానంతటదే సడలింది. ఆడవాళ్లు కుంచె పని నేర్చుకున్నారు. వదిన చేయి తిరిగింది. ఎవరి పడుగుకైనా చేతులు తక్కువైతే ఆమెను పిలవక తప్పలేదు, పిలిచినవాడు ఆమె పడుగుకు పోకా తప్పలేదు. వద్దని చేయెత్తినవాళ్లు ఒక్కొక్కరే తల వంచుకుని పోయి ఆమె పడుగు పట్టుకున్నారు. మా నాయనా వెళ్లాడు. చివరకు వీధిపెద్ద కొడుకూ వెళ్లాడు. మామ ఒక్కడు వెళ్లలేదు. ప్రతి ఉగాదికీ వీధి కూర్చున్నప్పుడు లేచి, “చివరింటామె మాట మళ్లీ పెట్టండి, చేతులు లెక్కపెడదాము” అనేవాడు. “ఇంకా ఏందప్పా పెట్టేది, అందరమూ పోతానే ఉండాము కదా” అని నవ్వేవాళ్లు. “పోతాండారు. మాట మారలేదు కదా” అనేవాడు. ఎవరూ పెట్టలేదు. ఎవరికీ దాని అవసరం కనిపించలేదు. ముసలితనంలో ఆయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని, ఆమె పడుగు దగ్గర మిగిలినవాళ్లు పని చేస్తుంటే చూస్తూ ఉండేవాడు. ఆమెతో మాట్లాడేవాడు, పిల్లల మంచిచెడ్డలు అడిగేవాడు. పడుగు మాత్రం ముట్టుకోలేదు.

పోయిన నెల దినాల రోజు భోజనాలు అయ్యాక నేను చివరింటికి వెళ్లాను. వదిన మగ్గం గుంటలోనే ఉంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి చేతిలో ఆడుతున్న నాడె ఆపి, కూర్చోమంది. మామ గురించి కాసేపు ఏవేవో మాట్లాడుకున్నాం. తర్వాత ఆమె తనంతట తానే అంది.

“నాకోసం అందరికంటే ముందు చేయెత్తినోడు ఆయనే. నా పడుగు ముట్టనోడూ ఆయనొక్కడే. కోపం పెట్టుకోవాల్నో వద్దో ఇన్నేండ్లయినా తేల్చుకోలేకపోతినప్పా.”

నేను మామ తరఫున ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. ఏటేటా వీధిలో లేచి ఆ మాట మళ్లీ పెట్టమని అడిగేవాడు కదా అన్నాను.

“అడిగినాడు. నాకూ తెలుసు” అంది ఆమె. నేసిన గుడ్డ మీద చేయి వేసి ఒకసారి నిమిరింది. “వీధినంతా కూచోబెట్టి అడిగేదానికంటే, ఆ పొద్దు అరుగు దిగేది సులువు కదప్పా.”